రోజూ ఎఫ్1 నొక్కే కంప్యూటర్: ఒక డాస్ కేసు

ఊరి పేరు, బడి పేరు, అక్కడ వాడే ప్రోగ్రామ్ పేరు చెప్పను. కోస్తాలో ఒక చిన్న పట్టణం, వినికిడి లోపం ఉన్న పిల్లల బడి, అందులో విండోస్‌కు ముందటి డాస్ మీద నడిచే ఒక పాత కంప్యూటర్. ఇంతవరకు తెలిస్తే చాలు. నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, కొన్నేళ్లు కంప్యూటర్లు అసెంబుల్ చేసినవాణ్ని. ఆ రోజుల్లో, డాస్ మొదలవుతూ చదివే కాన్ఫిగ్.సిస్ ఫైలును చూడకుండా రాసేవాణ్ని. ఆ ధీమాయే ఈ కేసులో నన్ను తిప్పలు పెట్టింది.

నేపథ్యం

ఆ ప్రోగ్రామ్ పని చాలా సింపుల్. పిల్లాడు మైకులో "ఆ" అంటే తెర మీద బుడగ పైకి లేస్తుంది. గట్టిగా అంటే ఎత్తుకి, మెల్లగా అంటే కొంచెం. అచ్చును ఎంతసేపు పట్టి ఉంచితే బండి అంత దూరం పోతుంది. తర్వాత టీచర్ గొంతు, పిల్లాడి గొంతు ఒకదాని వెనక ఒకటి వినిపిస్తుంది, రెండింటి గీతలూ పక్కపక్కన కనిపిస్తాయి. తన గొంతు తనకు సరిగా వినపడని పిల్లాడికి దాన్ని కళ్లకు చూపించడమే దాని ఉద్దేశం.

కొత్త కంప్యూటర్‌లో, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి నడిపించవచ్చు కదా అని ముందు నేనూ అన్నాను. నా ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది, పాటలు కూడా వచ్చాయి. కానీ మైకు ధ్వని లోపలి ప్రోగ్రామ్ దాకా చేరలేదు, బుడగ కదల్లేదు. మైకు లేకపోతే ఈ ప్రోగ్రామ్‌తో ఎవరికీ పని లేదు. అందుకే అసలు యంత్రం మీదే కూర్చోవాల్సి వచ్చింది.

ఆ యంత్రంలో మొదట 486 బోర్డు ఉండేది. అది కాలిపోతే స్థానిక మెకానిక్ ఒకరు వాడేసిన పెంటియం 133 బోర్డు వేశారు. 16 ఎంబీ ర్యామ్, ఎంఎస్-డాస్ 6.22. పాత సౌండ్ బ్లాస్టర్ 16 కార్డునే, పోర్టు అడ్రసును జంపర్లతో (పిన్నుల మీద తొడిగే చిన్న ముక్కలతో) పెట్టుకునే పాత తరం ఐఎస్ఏ స్లాటు కార్డును, కొత్త బోర్డులోకి మార్చారు. బోర్డుతో పాటు వచ్చిన, ఐఎస్ఏ తర్వాతి తరమైన పీసీఐ స్లాటు నెట్‌వర్క్ కార్డును కూడా పనికొస్తుందని ఉంచేశారు.

వచ్చిన ఇబ్బంది

టీచర్ గారు చెప్పింది దాదాపు ఆవిడ మాటల్లోనే: "ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమంటుంది, నొక్కుతాం. తర్వాత ప్రోగ్రామ్ పెడితే మెమరీ చాలదంటుంది. మా అబ్బాయొకడు ఎఫ్8 నొక్కి ఒక్కో వరసకి వద్దు, వద్దు అనడం నేర్పాడు. అలా చేస్తే తెరుచుకుంటుంది కానీ మౌస్ ఉండదు. బుడగ కదలదు. మాట వినిపించమంటే మొదటి ముక్కే అంటూ ఉంటుంది, అమ్మ అనాలంటే అమ్ అమ్ అమ్ అంటుంది. పాట మాత్రం బాగానే వస్తుందండీ."

ఇందులో నేను విన్నవి రెండే: మెమరీ చాలదు, మాట తిరిగి తిరిగి వస్తుంది. ఎఫ్1 మాట నా చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. పాత యంత్రాలు పొద్దున్నే ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాయి, కీబోర్డు వదులైనా ఎఫ్1 అంటాయి. నేను వెళ్లేసరికి కంప్యూటర్ ఆన్ చేసే ఉంది. అది కూడా నా దురదృష్టమే.

మెమరీతో కుస్తీ

ముందు మెమరీ పట్టుకున్నాను. తెర మీద అచ్చయి కనిపించే తప్పు అదే కాబట్టి. సరైన కారణం కాదు, ఇప్పుడు ఒప్పుకుంటాను.

మెమరీ లెక్క చూపే మెమ్ /సి కమాండ్ కొట్టి చూస్తే ఒక ప్రోగ్రామ్‌కు దొరికే అతి పెద్ద ఖాళీ 531 కేబీ. మాన్యువల్ ప్రకారం కావాల్సింది 580. డాస్‌కు దూరమైన వాళ్లకోసం కొంచెం చెప్పాలి. యంత్రంలో 16 ఎంబీ ఉన్నా మామూలు డాస్ ప్రోగ్రామ్ నడిచేది మొదటి 640 కేబీలోనే. ఆ పైన 1 ఎంబీ దాకా ఉన్న 384 కేబీ వీడియో కార్డుకూ, బయాస్‌కూ (డాస్ కన్నా ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్‌కూ) కేటాయించిన జాగా, దాన్నే అప్పర్ మెమరీ అంటారు. అందులో ఎవరూ వాడని గదులు కొన్ని ఉంటాయి. ఈఎంఎం386 అనే డాస్ డ్రైవర్ ఆ గదుల్లో ర్యామ్‌ను తెచ్చి పరిస్తే డ్రైవర్లను అక్కడికి తోసి, కింది 640లో చోటు మిగుల్చుకోవచ్చు. పని అంతా ఆ సామాను సర్దుడే.

డాస్‌తో వచ్చే, ఈ సర్దుడు తనే చేసే మెమ్‌మేకర్‌ను నడిపాను. అప్పర్ మెమరీని గట్టిగా వెతకమంటావా అని అడిగితే అవునన్నాను. 571 కేబీకి వచ్చింది, ఇంకా 9 తక్కువ. పైగా రెండుసార్లు యంత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. నా అవునుకు మెమ్‌మేకర్ ఈఎంఎం386 వరసలో హైస్కాన్ అనే మాట చేర్చింది. కొన్ని యంత్రాలు దాంతో ఆగిపోవచ్చని డాస్ హెల్ప్‌లోనే ఉంటుంది. మెమ్‌మేకర్ చేసిందంతా వెనక్కి తీసి, డాస్ మొదలవుతూ చదివే పాత కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ ఫైళ్లు రెండింటినీ వేరే పేరుతో కాపీ చేసి దాచుకుని, చేత్తో రాయడం మొదలుపెట్టాను. ఆ కాపీలు తర్వాత పరువు కాపాడాయి.

వరసగా ఎవరెవరు కూర్చున్నారో చూశాను. సీడీ డ్రైవర్, దానికి తోడుగా నడిచే ఎంఎస్‌సీడెక్స్: ప్రోగ్రామ్ హార్డ్ డిస్క్ మీదే ఉంది, సీడీ అవసరం లేదు. అలాగని పూర్తిగా తీసేస్తే ఎప్పుడైనా సీడీ పెట్టినప్పుడు మళ్లీ నాకే ఫోన్. అందుకని కాన్ఫిగ్.సిస్‌లో మెనూ పెట్టి రెండో ఎంపికలో ఉంచాను. ఏమీ నొక్కకపోతే అయిదు సెకన్లకు మొదటిదే నడుస్తుంది. ఎఫ్8 నొక్కి వద్దు వద్దు అనే బాధ పోయింది.

తర్వాత సౌండ్ కార్డు డ్రైవర్లు సీటీఎస్‌బీ16.సిస్, సీటీఎంఎంసిస్.సిస్. రెండూ కలిసి ఇరవై కేబీ పైన తింటున్నాయి. చాలామంది వీటిని ముట్టుకోరు, తీస్తే సౌండ్ పోతుందని భయం. నిజానికి డాస్‌లో ప్రోగ్రాములు సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడతాయి, మధ్యలో డ్రైవర్ ఉండదు. కార్డు ఎక్కడుందో చెప్పడానికి ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో బ్లాస్టర్ అనే వరస చాలు: ఎ220 ఐ5 డి1 హెచ్5 పి330 టి6. పోర్టు 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, పదహారు బిట్ల డీఎంఏ 5, మిడి పోర్టు 330, కార్డు రకం 6. ఐఆర్‌క్యూ అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే గంట లైను, డీఎంఏ అంటే మెమరీకీ కార్డుకీ మధ్య ధ్వని నేరుగా నడిచే దారి. ఇదొక చిరునామా చీటీ, అంతే. ఆ రెండు డ్రైవర్లూ కార్డుతో వచ్చిన సొంత యుటిలిటీలకు కావాలి కానీ ఈ ప్రోగ్రామ్‌కు కాదు. తీసేశాను. కార్డు పరీక్ష ప్రోగ్రామ్‌ను పిలిచే డయాగ్నోజ్ /ఎస్ అనే వరస మాత్రం ఉంచాను. ఈ తరం కార్డుల్లో ఐఆర్‌క్యూ, డీఎంఏ జంపర్లతో కాక సాఫ్ట్‌వేర్‌తో పెట్టాలి. ఆ వరస చీటీలో ఉన్నదాన్ని కార్డులో రాసేసి వెళ్లిపోతుంది, మెమరీలో కూర్చోదు.

ఇక్కడ తెలివి ఎక్కువై ఒక తప్పు చేశాను. ఈఎంఎం386కి నోఈఎంఎస్ పెడితే పైనున్న ర్యామ్‌ను ముక్కలుగా చూపే ఎక్స్‌పాండెడ్ మెమరీ (ఈఎంఎస్) కిటికీ కోసం ఉంచే 64 కేబీ గది కూడా డ్రైవర్లకు దొరుకుతుంది. ఇంత చిన్న ప్రోగ్రామ్‌కు ఈఎంఎస్ ఎందుకులే అనుకున్నాను. మెమరీ తప్పు పోయింది, ప్రోగ్రామ్ తెరుచుకుంది. కానీ పాత నమోదులు తెరవమంటే మొరాయించింది. గొంతు నమోదులన్నీ అది ఈఎంఎస్‌లోనే పెట్టుకుంటోంది. మాన్యువల్లో ఆ మాట ఉంది కూడా, నేను చూసిన పేజీకి రెండు పేజీల తర్వాత. ఈఎంఎం386 వరసలో నోఈఎంఎస్ తీసి, ఈఎంఎస్ కూడా ఇచ్చే ర్యామ్ అనే పాత మాటకే వచ్చాను.

అయితే ఆ 64 కేబీ కిటికీని ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలో ఉంది. డాస్‌తో వచ్చే ఎంఎస్‌డీ అనే పరీక్ష ప్రోగ్రామ్‌లో మెమరీ మ్యాప్ చూస్తే అది డి000 అనే అడ్రసు దగ్గర, సరిగ్గా ఖాళీ జాగా నడిమధ్యలో ఉంది. ఇటు 32 కేబీ, అటు 64 కేబీ. లెక్కకు 96 ఉన్నాయి కానీ ఒకచోట లేవు. ఆర్టీసీ బస్సులో నాలుగు సీట్లు ఖాళీ ఉన్నా నాలుగు మూలల్లో ఉంటే సంసారం కలిసి కూర్చోలేదు. డ్రైవర్లదీ అదే బాధ. పైగా కొన్ని ఎక్కేటప్పుడు ఎక్కువ చోటు అడిగి, కూర్చున్నాక సర్దుకుంటాయి. ఎక్కే చోటు లేకపోతే చెప్పాపెట్టకుండా కింది 640లోకే దిగిపోతాయి. ఈ బోర్డులో ఇ000 గది ఖాళీగానే ఉంది. ఫ్రేమ్=ఇ000 అని కిటికీని ఆ చివరకు జరిపాను. సి800 నుంచి డిఎఫ్ఎఫ్ఎఫ్ దాకా 96 కేబీ ఒకే వరసలో వచ్చింది. పెద్ద డ్రైవర్లు ముందు, చిన్నవి తర్వాత ఎక్కించాను. పాత మౌస్ డ్రైవర్ బదులు క్యూట్‌మౌస్ పెట్టాను, అది చాలా చిన్నది. 589 కేబీ వచ్చింది.

నెట్‌వర్క్ డ్రైవర్లను మాత్రం ముట్టుకోలేదు. ఆఫీసు గదిలోని ప్రింటర్ దాని మీదే నడుస్తుందని ఎవరో అన్నారు. సరే అనుకున్నాను. వెళ్లి చూడలేదు.

మాట ఎందుకు తిరుగుతోంది

ఇప్పుడు ప్రోగ్రామ్ మౌస్‌తో సహా తెరుచుకుంటోంది. బుడగ మాత్రం కదలట్లేదు, మాట అమ్ అమ్ అంటూనే ఉంది.

నిజానికి టీచర్ గారి వర్ణనలోనే సగం జవాబు ఉంది. పాట వస్తోంది, మాట రావట్లేదు. పాట వాయించేది కార్డులోని ఎఫ్ఎం చిప్. దానికి పోర్టులో అంకెలు రాస్తే చాలు, ఐఆర్‌క్యూ అక్కర్లేదు, డీఎంఏ అక్కర్లేదు. అందుకే పాట వచ్చిందంటే కార్డు బతికుందని, పోర్టు సరైనదని మాత్రమే అర్థం. నమోదు చేసిన గొంతుకు రెండూ కావాలి. డీఎంఏ దారిలో ధ్వని ముక్కలు కార్డుకు చేరతాయి. ఒక ముక్క అయిపోగానే కార్డు ఐఆర్‌క్యూ గంట కొడుతుంది. ఆ గంట విని ప్రోగ్రామ్ తర్వాతి ముక్క సిద్ధం చేస్తుంది. గంట వినపడకపోతే పాత ముక్కే మళ్లీ మళ్లీ వస్తుంది. డీఎంఏ తప్పయితే చాలాసార్లు నిశ్శబ్దమో బరబరమో ఉంటుంది, లేదా యంత్రం ఆగిపోతుంది. ఇక్కడ మొదటి ముక్క శుభ్రంగా వస్తోంది. అంటే డీఎంఏ బాగుంది, గంటే వినపడట్లేదు. మైకు సంగతి కూడా దాంతోనే తేలిపోయింది: ముక్క నిండిందన్న కబురు అందక ప్రోగ్రామ్ ఎదురుచూస్తూ కూర్చుంది, బుడగ నేల మీదే ఉంది.

అయిదో నంబరు గంట ఎవరు పట్టుకున్నారు? అనుమానం నెట్‌వర్క్ డ్రైవర్ మీదికి పోయింది. దాని వరసల ముందు, ఈ వరస వదిలేయమని చెప్పే రెమ్ పెట్టి ఆపాను. మార్పు లేదు. అప్పుడు ఎఫ్5 నొక్కి, ఒక్క డ్రైవరూ లేని ఖాళీ డాస్‌లోకి వెళ్లి, బ్లాస్టర్ వరస చేత్తో కొట్టి, డయాగ్నోజ్ నడిపాను. అక్కడా అదే తిరుగుడు. ఈ కేసులో నాకు నచ్చిన మెట్టు ఇదే. డాస్‌లో ఏమీ లేకపోయినా తప్పు ఉందంటే అది డాస్ కింద ఉంది. ఇంక కాన్ఫిగ్.సిస్‌ను ఎన్ని గంటలు దిద్దినా వృథా.

డయాగ్నోజ్‌లోనే ఐఆర్‌క్యూ 7కి మార్చి చూశాను. గొంతు పూర్తిగా, శుభ్రంగా పలికింది. కార్డు చెడిపోలేదు, అయిదో లైనే ఆక్రమణలో ఉంది. మరి 7లోనే ఉంచేయొచ్చు కదా? ఈ ప్రోగ్రామ్ బ్లాస్టర్ వరస చదవదు, ఇన్‌స్టాల్ చేసినప్పుడు రాసుకున్న 5నే పట్టుకుని ఉంటుంది. మార్చాలంటే సెటప్ ఫ్లాపీ కావాలి. కోస్తా తేమకు ఆ ఫ్లాపీ మీద తెల్లగా బూజు పట్టింది, చదవలేదు. కాబట్టి 5నే ఖాళీ చేయించాలి.

ఎంఎస్‌డీలో చూస్తే 5 ఎదురుగా ఎల్‌పీటీ2 (రెండో ప్రింటర్ పోర్టు) అని, అది లేదని ఉంది. పీసీఐ కార్డుకు బయాస్ ఏ లైను పంచిందో అది చెప్పదు. రీసెట్ చేసి, డాస్ మొదలవ్వకముందు మెరిసి మాయమయ్యే పీసీఐ పట్టికను పాజ్ కీతో ఆపి చదివాను. నెట్‌వర్క్ కంట్రోలర్, ఐఆర్‌క్యూ 5.

ఇది జరిగే తీరు ఇలా ఉంటుంది. పాత తరం ఐఎస్ఏ కార్డు తాను ఫలానా లైను వాడుతున్నానని బయాస్‌కు చెప్పుకోలేదు. బయాస్ 5 ఖాళీ అనుకుని పీసీఐ కార్డుకు ఇచ్చేసింది. పీసీఐకి ఇచ్చాక ఆ లైను గంట వినే పద్ధతే మారిపోతుంది, ఐఎస్ఏ కార్డు కొట్టే గంట వినపడదు. నెట్‌వర్క్ డ్రైవర్ ఎక్కించామా లేదా అన్నదానితో పని లేదు, పంపకం డాస్ రాకముందే అయిపోతుంది.

బయాస్‌లో పీఎన్‌పీ/పీసీఐ పేజీకి వెళ్లి, పంపకం ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చి, ఐఆర్‌క్యూ 5ను లెగసీ ఐఎస్ఏకి రాసిచ్చాను. రీసెట్. నెట్‌వర్క్ కార్డు 11కి పోయింది. బుడగ లేచింది. పిల్లలు చుట్టూ మూగారు. టీ ఇచ్చారు, తాగి సాయంత్రం బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్

"మళ్లీ అమ్ అమ్ అంటోందండీ."

మొదట నమ్మలేదు. నిన్న నా కళ్ల ముందు అయిదుసార్లు రీసెట్ చేసి చూశాను. ఎవరైనా ఏమైనా మార్చారా అని అడిగాను. ఆవిడకు కొంచెం కోపం వచ్చింది, న్యాయమే. "ఏమీ ముట్టుకోలేదండీ. ఎప్పట్లాగే మెయిన్ స్విచ్ వేశాం, ఎఫ్1 నొక్కాం, అంతే."

అప్పుడు వెలిగింది. ఎఫ్1 ముందు ఏం రాసుంటుందో చదవమన్నాను. సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్. సీమాస్ అంటే బయాస్ సెట్టింగులు దాచుకునే చోటు, దాన్ని నిలిపే బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయింది. రోజూ సాయంత్రం మెయిన్ ఆపగానే బయాస్ అన్నీ మర్చిపోతోంది, పొద్దున్నే 5ను మళ్లీ నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చేస్తోంది. రీసెట్ కొడితే కరెంటు పోదు కాబట్టి నా పరీక్షలన్నీ పాసయ్యాయి. ఒక్కసారైనా ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగి చూసుంటే ఆ సాయంత్రమే తెలిసేది. అసలు ఆవిడ మొదటి వాక్యమే అది.

సీఆర్2032 బ్యాటరీ పట్టుకుని మళ్లీ వెళ్లాను. అదృష్టవశాత్తు ఇది నాణెం బ్యాటరీ బోర్డు. గడియారం చిప్‌లోనే బ్యాటరీ పోతపోసిన రకం అయితే చాలా పని ఉండేది. బ్యాటరీ మార్చి, సెట్టింగులు పెట్టి, ప్లగ్ పీకి, భోజనానికి వెళ్లొచ్చి పెట్టాను. అంతా సరిగ్గా ఉంది.

అక్కడ ఆపేయొచ్చు. ఆగలేదు. ఈ బ్యాటరీ కూడా కొన్నేళ్లకు పోతుంది. ఆ రోజు నేను దొరకకపోతే పిల్లల బుడగ మళ్లీ నేల మీదికి వస్తుంది. ఆ బ్యాటరీ మీద ఆధారపడని మార్గం ఒకటే ఉంది, నెట్‌వర్క్ కార్డు తీసేయడం. అప్పుడు ఆఫీసు ప్రింటర్ సంగతి నిజంగా వెళ్లి చూశాను. కేబుల్ గోడ వెంట పోయి బీరువా వెనక దుమ్ములో ఆగింది. రెండో చివర దేనికీ తగిలించి లేదు. ప్రింటర్‌కు దాని సొంత కంప్యూటర్ ఉంది.

కార్డు పీకాను, దాని డ్రైవర్ వరసలన్నీ తీసేశాను. మెమ్ కొడితే 607 కేబీ. మొదటి రోజు నేను ఆ బీరువా వెనక చూసుంటే ఫ్రేమ్ జరపడాలు, వరస మార్చడాలు చాలావరకు అక్కర్లేదు. రెండు ఇబ్బందులకూ వేరు ఒకటే: మెమరీ తిన్నదీ అదే కార్డు డ్రైవర్లు, గంట లాక్కున్నదీ అదే కార్డు. రెండూ వేర్వేరు జబ్బులనుకుని ఒక్కోదానికి ఒక్కో మందు వేశాను.

చివరి తప్పు, నాది

వారం తర్వాత ఇంకో ఫోన్. ఈసారి టీచర్ గారు కాస్త మొహమాటంగా, "అన్నీ బాగున్నాయండీ, కానీ గుసగుసగా అన్నా గట్టిగా అరిచినా బుడగ ఒకే ఎత్తుకి పోతోంది. ఇదివరకు ఇలా ఉండేది కాదు" అన్నారు.

సౌండ్ బ్లాస్టర్ 16లో మైకుకు ఏజీసీ ఉంటుంది. మెల్లని ధ్వనిని పెంచి, గట్టిదాన్ని తగ్గించి సమానం చేసే పని దానిది. మామూలు రికార్డింగుకు అది వరం. గొంతు బలం నేర్పే ప్రోగ్రామ్‌కు పెద్ద దెబ్బ. మనం ఏమీ చెప్పకపోతే కార్డు దాన్ని ఆన్‌లోనే ఉంచుతుంది. మరి ఇదివరకు ఎవరు ఆపేవారు?

మొదటి రోజు దాచిన కాపీని టైప్ కమాండ్‌తో తెర మీదికి తెప్పించి, ఒక్కో వరస ఫోన్లో చదివించుకున్నాను. దొరికింది. కార్డు మిక్సర్‌ను సెట్ చేసి ఏజీసీని ఆపే వరస ఒకటి ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఉండేది. అది ఒక్క కేబీ కూడా తినదు, పని చేసి వెళ్లిపోతుంది. డయాగ్నోజ్ వరసను అంత జాగ్రత్తగా ఉంచినవాణ్ని, సర్దే ఊపులో దీన్ని మాత్రం ఊడ్చేశాను. ఎప్పుడో ఎవరో ఈ ప్రోగ్రామ్ కోసమే ఆలోచించి రాసిన వరస అది. అప్పట్నుంచి, మెమరీ తినని వరస ఏదైనా సరే, ఎందుకుందో తెలిసేదాకా నేను తీయను.

ఎడిట్ తెరవమని, ఆ వరసను అక్షరం అక్షరం చెప్పాను. బ్యాక్‌స్లాష్ ఏ కీ మీద ఉందో వెతకడానికి కాసేపు పట్టింది. సేవ్ చేసి, రీసెట్ కాదు, మెయిన్ ఆపి మళ్లీ వేయమన్నాను. ఎఫ్1 అడిగిందా అంటే లేదన్నారు. ఒక పిల్లాణ్ని పిలిచారు. మెల్లగా ఒక "ఆ" ఫోన్లో లీలగా వినిపించింది. కొంచెం ఆగి, చెవి పక్కకు తీసుకోవాల్సినంత గట్టిగా ఇంకో "ఆ".

"ఈసారి పైదాకా పోయిందండీ" అన్నారావిడ.

పీకిన నెట్‌వర్క్ కార్డు ఇప్పటికీ ఆ క్యాబినెట్ లోపలే, కవర్లో పెట్టి టేపుతో అంటించి ఉంది. దాని పక్కనే ఒక కాగితం: ఐఆర్‌క్యూ 5 సౌండ్ కార్డుది, ఈ కార్డు మళ్లీ పెట్టొద్దు, బ్యాటరీ ఫలానా తేదీన మార్చాం. కింద ఆటోఎగ్జెక్.బ్యాట్ మొత్తం, ఏ వరస ఎందుకో తెలుగులో రాసి ఉంది.